కరెంటు లేని గదిలో

మూడో అంతస్తులోని ఆ ల్యాబ్‌కు తాళం వేసి వారం దాటింది. లోపల మనుషులు లేరు. కరెంటు కూడా లేదు. గోడ మీది బోర్డులో మెయిన్ స్విచ్ కిందికి దించి ఉంది. అయినా తలుపు అద్దంలోంచి అప్పుడప్పుడు నీలం వెలుగు వస్తోందని, ఆ వెలుగు అరుణశ్రీ మేడమేనని చెప్పుకుంటూ, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ కోచింగ్ సెంటర్ విద్యార్థులు వరండాలో అటువైపు నడవడమే మానేశారు.

డిటెక్టివ్ ఇందిరాదేవి సరిగ్గా ఆ తలుపు ఎదుటే కుర్చీ వేయించుకుని కూర్చుంది. తాళం చెవి తెచ్చే మనిషి ఇంకా రాలేదు. ఈలోగా, వెలుగును మొదట చూసిన జ్యోతికను పిలిపించింది. జ్యోతిక ఇక్కడే చదువుతూ, పై అంతస్తులోని లేడీస్ హాస్టల్లో ఉంటోంది. తలుపుకు వీపు పెట్టి నిలబడమంటే ఒప్పుకోలేదు. పక్కకు జరిగి, గోడకు ఆనుకుని, అద్దం మీద ఒక కన్ను వేసే మాట్లాడింది.

అరుణశ్రీ ఈ ల్యాబ్‌లో పాఠాలు చెప్పేది. అరచేతిలో పట్టే, బుల్లి కంప్యూటర్లలాంటి మైక్రోకంట్రోలర్ బోర్డులతో రకరకాల పరికరాలు చేయడం నేర్పేది. పెద్ద వోల్టేజీని, పెద్ద కరెంటును చిన్న బోర్డుతో ప్రమాదం లేకుండా ఎలా కొలవాలన్నది ఆమెకు ఇష్టమైన పాఠం. ఆ పాఠం చెప్పే మనిషే ఒక మధ్యాహ్నం, బిల్డింగ్ మొత్తానికీ కరెంటు పోయిన వేళ, ఈ గదిలోని స్విచ్ బోర్డు ముందు షాక్ కొట్టి చనిపోయింది. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. తల్లి లలితమ్మ నమ్మలేదు. కర్మన్‌ఘాట్ నుంచి ఎల్‌బీ నగర్‌లోని ఇందిరాదేవి ఆఫీసుకు వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే అడిగింది: "కరెంటే లేనప్పుడు నా బిడ్డను ఏది గుంజుకున్నదమ్మా?"

ఆ ప్రశ్న ఇందిరాదేవికి కొత్తది కాదు. అందుకే కేసు తీసుకుంది.

జ్యోతిక చెప్పిన దాన్ని బట్టి, గదిలో వెలిగేది స్విచ్ బోర్డు పక్కన అరుణశ్రీ బిగించిన చిన్న పెట్టె. దానికి ఒక తెర ఉంది. మామూలుగా నిద్రపోతూ ఉంటుంది. పక్కనున్న బటన్ నొక్కితే బోర్డులో ఎన్ని వోల్టులున్నాయో చూపిస్తుంది. అరుణశ్రీ పోయాక మాత్రం ఎవరూ నొక్కకుండానే తనంతట తనే లేస్తోంది.

ఎప్పుడెప్పుడు లేస్తోందో గుర్తు చేసుకోమంది ఇందిరాదేవి. జ్యోతిక ఆలోచించి, చూసిన ప్రతిసారీ బిల్డింగ్‌లో కరెంటు లేదని చెప్పింది.

"తెర మీద ఏమన్న రాసున్నదా?"

జ్యోతిక గొంతు తగ్గించింది. "ముట్టొద్దు అని వస్తది మేడం. ఇంగ్లీషు అక్షరాలల్ల. మేడం క్లాసుల గూడ గట్లనే అనేది."

ఇంకేమైనా వింతగా అనిపించిందా అని అడిగితే, చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి, తన గదిలోని ఫ్యాన్ సంగతి చెప్పింది. అరుణశ్రీ పోయిన రోజు నుంచి ఆ గదిలోనూ పక్క గదిలోనూ కరెంటు ఉన్నంతసేపు ఫ్యాన్ తిరగడం లేదు. కరెంటు పోగానే తిరుగుతోంది. హాస్టల్ నడిపే సంతోషి అక్కకు చెబితే ఎలక్ట్రీషియన్ వస్తాడంది. వాడు ఇంతవరకు రాలేదు. పక్క గది అమ్మాయిలు సామాను సర్దుకుని ఊరికి వెళ్లిపోయారు.

ఇందిరాదేవి ఆ మాట దగ్గర ఆగిపోయింది. ల్యాబ్ స్విచ్ దించిన రోజు నుంచి పై గదుల ఫ్యాన్లు ఆగాయి. కరెంటు పోతే అవి తిరుగుతున్నాయి, ఇక్కడ పెట్టె వెలుగుతోంది. రెండూ ఒకే దారిలో ఉన్నాయి.

శవాన్ని మొదట చూసింది కూడా జ్యోతికే. తలుపు దగ్గర ఉండగానే కరెంటు తిరిగొచ్చి వరండాలో లైట్లు వెలిగాయి, వెంటనే తలుపు తోసింది. అప్పుడు లోపల లైట్లు వెలుగుతున్నాయా అని ఇందిరాదేవి అడిగింది. లేదు, చీకటిగానే ఉంది, సెల్‌ఫోన్ లైటు వేసుకుని చూశానని జ్యోతిక చెప్పింది. వోల్టులు కొలిచే అరుణశ్రీ మల్టీమీటర్ ఆ పొద్దుటి నుంచే ల్యాబ్‌లో లేదని కూడా చెప్పింది. ఇన్వర్టర్ బ్యాటరీ చూసుకోవాలని హాస్టల్ వాళ్లు పైకి తీసుకుపోయారట.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. జోగారావు వచ్చాడు. కోచింగ్ సెంటర్ తన ఉద్యోగులకు చేయించిన ప్రమాద బీమా కంపెనీ తరఫున విచారణ జరిపే మనిషి. పోలీసులు గది అప్పగించిన సాయంత్రం నుంచి తాళం అతనిది, చెవి అతని జేబులో. ఇందిరాదేవికీ అతనికీ పాత తగాదాలున్నాయి. ఒకే కేసులో ఎదురుపడ్డ ప్రతిసారీ అతని రిపోర్టు ముందే తయారై ఉండేది.

"మీరు చూడ్డానికేం మిగల్లేదండీ ఇక్కడ," అన్నాడు తాళం తీస్తూ. "ఆ పెట్టెలోని బోర్డు ఐదు వోల్టులకు మించి తట్టుకోదు. దాంతో రెండువందల ముప్పై వోల్టులు కొలుస్తానని కూర్చుంది. మెయిన్ ఆపకుండా చెయ్యి పెట్టింది. కరెంటు తిరిగొచ్చింది, ప్రాణం పోయింది. షాక్ దెబ్బకి స్విచ్ ట్రిప్పయి పడింది. ఒట్టి నిర్లక్ష్యం."

ఆ చివరి మాట ఇందిరాదేవి చెవుల్లో మరొకరి గొంతుతో మోగింది. ఆమె భర్త మట్టయ్య లైన్‌మన్. తుర్కయంజాల్ దగ్గర లైన్ ఆపించుకుని స్తంభం ఎక్కాడు. ఆగిపోయిన లైన్లోకి ఎవరి ఇంట్లోంచో జనరేటర్ కరెంటు వెనక్కి వచ్చి ప్రాణం తీసింది. ఎవరి జనరేటరో ఎప్పటికీ తేలలేదు. నిర్లక్ష్యమని కాగితం మీద రాశారు. తేలని ఆ ఇంటి కోసం ఆ దారిలో వెళ్లినప్పుడల్లా ఇప్పటికీ ఆమె కళ్లు వెతుకుతాయి. జనరేటర్ చప్పుడు వింటే నడుస్తున్న మనిషి నిలబడిపోతుంది.

గదిలోకి అడుగు పెట్టింది. మూసిన గది వాసన. బెంచీ మీద తీగలు అతికే అరుణశ్రీ సోల్డరింగ్ గన్, పక్కన ఆమె చున్నీకి పెట్టుకునే పిన్ను. గోడకు స్విచ్ బోర్డు మూత తీసే ఉంది. దాని పక్కన, అరచేయంత తెల్లటి ప్లాస్టిక్ పెట్టె. తెర నల్లగా ఉంది.

రబ్బరు తొడుగులు వేసుకుంది. సంచిలోంచి బ్యాటరీ టెస్టర్ తీసి, ముందు వరండాలోని ప్లగ్గులో పెట్టి చూసింది. వెలిగింది. తర్వాత ల్యాబ్ బోర్డులో చూసింది. వెలగలేదు. మళ్లీ వరండాలోకి వెళ్లి చూసింది. వెలిగింది. టెస్టర్ బాగానే ఉంది, బోర్డులో ఇప్పుడు నిజంగానే కరెంటు లేదు.

"ఆ రోజు గూడ స్విచ్ దించే ఉన్నది జోగారావు గారూ. వరండాల లైట్లు వచ్చినంక గూడ ఈ గది చీకటిగనే ఉన్నదని ఈ పిల్ల చెప్తున్నది."

"షాక్‌కి ట్రిప్పయిందన్నాగా."

"షాక్ కొట్టడానికి కరెంటు రావాలె. కరెంటు వస్తే ఒక్క క్షణమన్న గదిల లైటు వెలగాలె. ఈమె అప్పటికే తలుపు కాడ ఉన్నది. వెలగంగ చూడలే."

జోగారావు జ్యోతిక వైపు చూశాడు. భయపడ్డ పిల్ల సాక్ష్యం తన రిపోర్టులోకి ఎక్కదన్నాడు. ఇందిరాదేవి అతనితో వాదన పెట్టుకోలేదు. వాచ్‌మన్‌కు ఫోన్ చేసి, సెల్లార్‌లో బిల్డింగ్ మెయిన్ ఒక పది నిమిషాలు ఆపమంది. జోగారావు అభ్యంతరం చెబుతుండగానే వరండాలో లైట్లు ఆరిపోయాయి. కింద తరగతుల్లోంచి గోల, పైన హాస్టల్లో ఎవరో విసుక్కున్న గొంతు. తర్వాత నిశ్శబ్దం.

కిటికీలోంచి పగటి వెలుతురు పడుతూనే ఉంది. అయినా ముగ్గురూ ఆ నల్ల తెర వైపే చూస్తూ నిలబడ్డారు.

ముందు పైకప్పులోంచి సన్నని గుర్రుమనే శబ్దం దిగింది. ఆ వెంటనే తెర నీలంగా వెలిగింది. రెండువందలకు పైగా ఉన్న అంకె ఒకటి వణుకుతూ నిలిచింది. దాని కింద అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. ముట్టొద్దు. ఒక్క క్షణం తర్వాత, అరుణ.

జ్యోతిక రెండు చేతులతో నోరు మూసుకుంది. జోగారావు తెలియకుండానే తలుపు దాకా వెనక్కి నడిచాడు. చనిపోయిన పిల్ల తన పేరు చెప్పి ఆపుతున్నట్టే ఉంది. అయినా ఇందిరాదేవి చెయ్యి చాచి, టెస్టర్ కొనను బోర్డులోని తీగకు ఆనించింది.

టెస్టర్ వెలిగింది.

బిల్డింగ్‌కు కరెంటు లేదు. గది స్విచ్ దించి ఉంది. అయినా ఆ తీగ మనిషిని చంపేంత బతికి ఉంది.

సంచిలోంచి క్లాంప్ మీటర్ తీసి, బోర్డులోంచి బయలుదేరే తీగల చుట్టూ ఒక్కొక్కదానికీ దాని ఉంగరం తొడిగి చూసింది. లోహాన్ని ముట్టుకోకుండానే లోపల పారే కరెంటును అది పట్టేస్తుంది. గది లైట్లకు పోయే తీగల్లో ఏమీ లేదు, వేరే ఒక్క తీగలోనే కరెంటు పారుతోంది. ఎర్రటి ఆ తీగ మిగతావాటి వెనుక నక్కి, పైపు లోపలికి దూరి, పైకప్పుకున్న రంధ్రంలోంచి హాస్టల్లోకి పోతోంది.

ఇన్వర్టర్ ఆపించమని జ్యోతికను పైకి పంపింది. కాసేపటికి గుర్రుమనే శబ్దం ఆగింది. తెర మళ్లీ నల్లబడింది.

"మీ దెయ్యం ఇదే," అంది ఇందిరాదేవి. "పై గదులకు ఈ ల్యాబ్ నుంచి దొంగ వైరు గుంజిండ్రు. కరెంటు పోతే పైన ఇన్వర్టర్ ఏస్తరు. అది పైన ఫ్యాన్లను తిప్పుకుంట, అదే వైరు మీద కిందికి గూడ దిగుతది. దించిన బోర్డుల కరెంటు దిగితే పెట్టె తనంతట తనే లేసి, తన పేరుతోని ముట్టొద్దని చెప్పెటట్టు అరుణశ్రీ ముందే రాసి పెట్టింది."

జోగారావు నుదురు తుడుచుకున్నాడు. ఓడిపోయినట్టు ఒప్పుకునే మనిషి కాదు. అయితే ఈ పెట్టె ఏం చేస్తున్నట్టండీ ఆ రోజు, అని అడిగాడు. ఇప్పుడు ఇంత బాగా చెప్పేది అప్పుడెందుకు చెప్పలేదు? చెప్పినా ఆవిడ చూసుకోలేదంటే అది నిర్లక్ష్యం కాక మరేమిటి?

మంచి ప్రశ్నే. ఇందిరాదేవి టెస్టర్‌తో మరొకసారి చూసుకుని, పెట్టె మూత విప్పింది.

లోపల అరుణశ్రీ చేతిపని కనిపించింది. రెండువందల ముప్పై వోల్టుల తీగలు ఒక మూలన ఉన్న బుల్లి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక వైపు మాత్రమే వచ్చి ఆగిపోయాయి. రెండో వైపు నుంచి చిటికెడు వోల్టేజీ మాత్రమే బోర్డుకు వెళుతోంది. రెండింటికీ మధ్య తీగ సంబంధమే లేదు. బోర్డు నడిచేది విడిగా పెట్టిన చిన్న బ్యాటరీ సెల్ మీద. పెద్ద కరెంటుకూ చిన్న బోర్డుకూ మధ్య ఆమె గోడ కట్టి పెట్టింది. ప్రతి అతుకు మీదా నల్లటి గొట్టం తొడిగి, వేడితో బిగించింది.

ఒక్క అతుకుకు తప్ప.

ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే మెయిన్ తీగ అతుకు నగ్నంగా ఉంది. దాని మీద సీసం ఇంకా తళతళలాడుతోంది. చుట్టూ జిగురు కారి ఉంది. ఇందిరాదేవి భూతద్దం పెట్టి చూసి జోగారావు చేతికిచ్చింది. అతనూ చాలాసేపు చూశాడు.

"ఈ అతుకు అరుణశ్రీది కాదు," అంది. "ఎవరో ఈ తీగ ఊడదీసిండ్రు. ఊడదీస్తే పెట్టెకు ఏం తెలువది, సున్నా చూపిస్తది. ఆమె స్విచ్ దించింది, కరెంటు గూడ పోయి ఉండె, బటన్ ఒత్తి చూసింది, సున్నా వచ్చింది. ఇంకో మీటర్ పెట్టి చూద్దమంటే అది పైకి పోయింది. తను కట్టిన పెట్టెను తను నమ్మింది."

ఆఖరి క్షణంలో ఆ పిల్ల మనసులో ఏ అనుమానమూ లేదన్న సంగతి ఇందిరాదేవిని అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. మట్టయ్యా అలాగే స్తంభం ఎక్కాడు, కింద నిలబడ్డవాళ్లతో నవ్వుతూ మాట్లాడుతూ.

"మరి మళ్లీ అతికిందెవరు?" జోగారావు గొంతులో ఎకసెక్కం లేదు.

"దానికి జవాబు మీ తానే ఉండాలె."

జ్యోతిక అప్పుడే పైనుంచి దిగి వచ్చింది. అరుణశ్రీ పోయిన మర్నాడు వరండాలో పెట్టిన సంతాప సభ గురించి ఇందిరాదేవి ఆమెను అడిగింది. సభ మధ్యలో కరెంటు పోయిందని, అందరూ ఈ తలుపు ముందే కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారని, పైన ఇన్వర్టర్ నడుస్తూనే ఉందని జ్యోతిక చెప్పింది. గదిలో వెలుగు మాత్రం ఎవరికీ కనిపించలేదు. మొదటిసారి కనిపించింది ఆ తర్వాత రెండు రోజులకు.

"సభ నాటికి తీగ ఊడే ఉన్నది," అంది ఇందిరాదేవి. "తర్వాత అతికిండ్రు. అతికినందుకే పెట్టె నిజం చెప్పుడు షురూ చేసింది, పిల్లలు దెయ్యమనుకున్నరు. గప్పటికి తాళం మీది. చెవి మీ జేబుల ఉన్నది. అతికింది మీరన్న కావాలె, మీరు లోపలికి పంపినోళ్లన్న కావాలె."

జోగారావు ముఖం ఎర్రబడింది. ఇరవై ఏళ్ల సర్వీసులో తన తాళం మీద మచ్చ పడలేదన్నాడు. ఒక మాట అనబోయి ఆగాడు. అలా ఆగిన చోటే అతని కళ్లలో ఏదో మెదిలింది. బెంచీ పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒక్కసారే ఇచ్చానండి. అర్ధగంట. సంతాప సభలో నేనే అందరి ముందూ చెప్పాను, వచ్చే వారం ఎక్స్‌పర్టుని తెచ్చి ఆ పెట్టె విప్పిస్తానని. మర్నాడు ఆ హాస్టల్ అమ్మాయి నా ఆఫీసుకొచ్చింది. అరుణశ్రీ తల్లిగారు గదిలో దీపం పెట్టి రమ్మన్నారని ఏడ్చింది. కాదనలేకపోయాను."

"సంతోషినా?"

"ఆవిడేనండి. ఇద్దరూ ఒకే కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివారట. చెల్లెలి కంటే ఎక్కువని చెప్పింది."

ఇందిరాదేవి మనసులో ముక్కలు ఒక్కొక్కటే వచ్చి అమరాయి. బోర్డు మూత తీసి చూస్తోందంటే, దొంగ వైరు సంగతి అరుణశ్రీ కనిపెట్టబోతోంది. బయటపడితే హాస్టల్ మూతపడుతుంది. పెట్టెలో తీగ ఊడదీస్తే ఆమె కొలిచినప్పుడల్లా సున్నా వస్తుంది, వెతకడం మానేస్తుంది. చంపాలనే చేసిందో, దాచాలని మాత్రమే చేసిందో ఇప్పుడే చెప్పలేం. కానీ అరుణశ్రీ చనిపోయిన గదిలోకి మళ్లీ వచ్చి, చెయ్యి వణక్కుండా అతుకు వేసి పోయిన మనిషి ఆమె.

దీపం మాట నిజమో అబద్ధమో తేల్చుకోవాలి, అది చెప్పగలిగింది తల్లి ఒక్కతే. ఇందిరాదేవి ఫోన్ తీసి లలితమ్మకు కలిపింది. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనుక నీళ్ల చప్పుడు.

దీపం పెట్టమని సంతోషిని పంపారా అని అడిగింది.

"దీపమా? నేనెక్కడ పంపిన ఇందిరమ్మా? ఆ గది మొహం చూడాలనే లేదు నాకు." లలితమ్మ గొంతు మామూలుగానే ఉంది. "జర ఆగు, ఆ పిల్లనే అడుగుత. ఇక్కడనే ఉన్నది."

ఇందిరాదేవి గబుక్కున తలుపు వైపు తిరిగింది. "మీ ఇంట్లనా?"

"పొద్దుగాల నుంచి ఇక్కడనే. బోరు మోటర్ నడుస్తలేదంటే వచ్చింది, పాపం. అరుణ మాకు గూడ మోటర్ కాడ ఒక పెట్టె పెట్టిపోయింది. సున్నా వస్తెనే ముట్టాలె అమ్మా అనేది. దాన్ని గూడ సంతోషి విప్పి సాఫ్ చేసి పెట్టింది. ఇప్పుడు సున్నా చూపిస్తున్నది. నేను జర ఈ వైరు పట్టుకుంటే ఆమె లోపల స్విచ్..."

"లలితమ్మా, చెయ్యి తియ్యిండ్రి. దేన్నీ ముట్టొద్దు. బయటికి నడువుండ్రి."

అవతల నీళ్ల చప్పుడు ఆగిపోయింది. ఫోన్ చేతులు మారిన రాపిడి వినిపించింది. ఇందిరాదేవి అప్పటికే గది దాటి మెట్ల మీద పరుగెత్తుతోంది. వెనుక జోగారావు పోలీసులకు ఫోన్ కలుపుతూ కర్మన్‌ఘాట్ అడ్రసు అరిచి అడుగుతున్నాడు.

చెవి దగ్గర ఒక పడుచు గొంతు, తొందర లేకుండా, ఎంతో మర్యాదగా పలికింది.

"ఆంటీ చేతులు తడిగ ఉన్నయి మేడం. అందుకే ఫోన్ నేను తీస్కున్న. చెప్పండి."